‘బు’ పోయిన మూత

నేను ఒక మూతను. స్టీలు డబ్బా మూతను. డబ్బా తన కథ చెప్పుకుంటే చదవొచ్చు గానీ మూతకేం కథ ఉంటుందిలే అని మీరు పేజీ తిప్పబోతున్నారు, నాకు తెలుసు. మీ తీరే అంత. ఇంట్లో డబ్బాకి ఒక పేరుంటుంది. మురుకుల డబ్బా, పప్పుల డబ్బా, కారం డబ్బా. మాకు మాత్రం “ఆ మూత యాడ పెట్టావే?” అన్న కేక తప్ప వేరే గుర్తింపు లేదు. ఉన్నన్నాళ్ళూ మీ కంటికి ఆనం, కనబడకుండా పోయినప్పుడే గుర్తొస్తాం. ఆకాశంలో కూడా పద్ధతి ఇదేనని నాకు తర్వాత తెలిసింది.

మద్రాసు అవతల ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పుట్టడమంటే పెద్ద సంబరమేమీ లేదు. పలచటి స్టీలు రేకును ప్రెస్సు కింద పెట్టి ఒక్క గుద్దు గుద్దారు, అంచు మడిచారు, తిరిగే చక్రానికి ఆనించి మొహం నున్నగా రుద్దారు. ఆ తర్వాత లారీ ఎక్కి, చేతులు మారి మారి, పలకల రాయి తవ్వే మార్కాపురం వైపు ఒక చిన్న టౌనుకు చేరాను. అక్కడ పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆమె గంపలో కూర్చుని వీధి వీధీ తిరిగాను.

ఓబులమ్మ ఆ గంపను తన అరుగు మీద దింపించింది. అప్పటికి ఆమె పడుచుది. గంపామె ఒక్కొక్క బట్టనూ ఎండకు ఎత్తిపట్టి చిల్లులున్నాయేమోనని వెలుతురులో చూసింది. ఓబులమ్మ ఒక్కొక్క డబ్బానూ మొట్టికాయ వేసి చప్పుడు విన్నది. ఇద్దరూ ఒకరినొకరు దొంగలని మొహాన అనుకోకుండా చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి బేరం తెగనప్పుడు, భర్త ఇంకా కట్టుకుంటూనే ఉన్న పంచె ఒకటి దండెం మీద నుంచి వచ్చి ఆ మూటలో చేరింది. సాయంత్రం ఆయన పంచె కోసం ఇల్లంతా వెతికాడు. ఓబులమ్మ కూడా ఆయనతో పాటు చాలా శ్రద్ధగా వెతికింది.

మర్నాడు నన్నూ నా డబ్బానూ చంకన పెట్టుకుని పేర్లు కొట్టే కొట్టుకు తీసుకెళ్ళింది. కొట్టతను సన్నటి సూది మిషను చేతిలోకి తీసుకుని “ఇంటాయన పేరు చెప్పమ్మా” అన్నాడు.

“ఆయన పేరు ఇంటి పన్ను మీద ఉంది, రేషను కార్డు మీద ఉంది, కరెంటు బిల్లు మీద ఉంది. ఇంక దీని మీద గూడా ఎందుకు? నా పేరు కొట్టు” అన్నది ఓబులమ్మ.

మిషను బుర్రుమంది. నా ఒళ్ళు జలదరించింది. అంచు వారగా చుక్కలు చుక్కలుగా, పెద్ద పెద్ద అక్షరాలతో ‘ఓబులమ్మ’ అని పడింది. ఆమెకు చదువు రాదు. ఇంటికొచ్చాక ఆ నాలుగు అక్షరాల మీదా వేలు పెట్టి, ఇది ఓ, ఇది బు అని కొడుకు చేత చెప్పించుకుని నేర్చుకున్నది. ఆమె చదవగలిగినది లోకంలో ఆ ఒక్క మాటే, అది నా మీద ఉంది. నాకు కాస్త గర్వం ఉన్న మాట నిజం. ఒక్క డబ్బాతో అన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం ఉండకూడదా?

మురుకులు కాపాడటం నా పని. గాలి పోనీయను, చీమను రానీయను. నా లోపమల్లా ఒకటే, చేయి జారితే ఠణ్ణుమని మోగి నేల మీద గిరగిరా తిరిగి మరీ ఆగుతాను. అప్పుడు ఇంట్లో ఏ మూలనున్నా ఓబులమ్మ “ఏందా మూత చప్పుడు? ఇల్లా, సత్రమా?” అని లేచేది. పడేసిన చేతిని వదిలేసి పడిన మూతను తిట్టడం మీలో అందరికీ ఉన్న అలవాటే గనక నేను పట్టించుకునేదాన్ని కాదు.

తర్వాత ఆ ఇంటికి శేషారత్నం కోడలిగా వచ్చింది. ఊళ్ళో ఉన్న డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. ఓబులమ్మ కొడుకు చెన్నకేశవులు కరెంటాఫీసులో పని చేస్తాడు, మంచివాడు, ఈ కథలో ఆయనకు ఇంతకు మించి పని లేదు. అత్తాకోడళ్ళ మధ్య గొడవలేం లేవు. మాటలు కూడా పెద్దగా లేవు. కోడలు చెప్పే పాఠాలేవో అత్తకు తెలియదు. అత్త డబ్బాల మీద ఎందుకు అంత పట్టుగా ఉంటుందో కోడలు ఎప్పుడూ అడగలేదు.

ఆ కాలేజీలో ఒక టెలిస్కోపు ఉంది. ఎవరికో కావాలని కొన్నది కాదు. గ్రాంటు మార్చిలోగా ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుందని కొన్నది. దాన్ని ప్రిన్సిపాలు పిచ్చయ్యగారి గదిలో, ఆటల కప్పుల పక్కన నిలబెట్టారు. దసరాకి బొట్టు పెట్టేవాళ్ళు. తనిఖీకి ఎవరొచ్చినా దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకునేవాళ్ళు. పాపం, నక్షత్రాలు చూడ్డానికి పుట్టిన ఆ గొట్టం ఏళ్ళ తరబడి ఆ గది సీలింగు ఫ్యానునే చూస్తూ ఉండిపోయింది. దాని అసలు మూత ఒకసారి తనిఖీ వాళ్ళకు బిస్కట్లు పెట్టే ప్లేటుగా వెళ్ళింది, ఇక తిరిగి రాలేదు.

అలా మూత లేని గొట్టానికి సరిపడే మూత కోసం శేషారత్నం ఇంట్లో వెతికి, జానెడు వెడల్పున్న నన్ను కొలిచి చూసి, సంచిలో వేసుకుని పోయింది. అత్తను అడగలేదు. మూతే కదా అనుకుంది. ఇంట్లో డబ్బా మీద ఒక కంచం బోర్లించింది. ఓబులమ్మ ఇల్లంతా వెతికి, చివరికి అనుమానం పక్కింటి మీదికి పోనిచ్చి, వాళ్ళతో మాట్లాడటం మానేసింది. పక్కింటివాళ్ళు కారణం తెలియక, ఏదో పెద్ద తప్పే చేసి ఉంటామని వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకున్నారు.

నాకు కొత్త కాపురం కుదిరిన కొన్నాళ్ళకు బెంగళూరు నుంచి కబురొచ్చింది. అక్కడ ఆకాశం సంగతులు లెక్కలు కట్టే ఒక తెలుగాయన ఉన్నాడు. టెలిస్కోపులున్న కాలేజీల వాళ్ళందరికీ ఆయన రాసిన సంగతి ఇది. నెప్ట్యూన్ కూడా దాటిపోయాక, సూర్యుడి ఎండ నీరసపడిపోయే చోట ఒక పెద్ద రాయి తిరుగుతోంది. దానికింకా పేరు పెట్టలేదు, నంబరే ఉంది. ఎంత పెద్ద గొట్టంతో చూసినా దాని ఆకారం తెలియదు. అయితే ఒకనాటి సాయంత్రం, పొద్దుగూకిన కాసేపటికి, అది ఒక నక్షత్రం ముందు నుంచి దాటుతుంది. దాటే ఆ కొద్ది సెకండ్లూ నక్షత్రం ఆరిపోయినట్టు మాయమవుతుంది. అది అందరికీ కాదు, ఆ రాయి నీడ భూమి మీద పరుగెత్తే దారిలో ఉన్న ఊళ్ళకే. ఏ ఊళ్ళో ఎప్పుడు మాయమైందో, ఎప్పుడు తిరిగొచ్చిందో అన్ని ఊళ్ళ లెక్కలూ కలిపితే ఆ రాయి ఎంత లావుందో, గుండ్రంగా ఉందో కోలగా ఉందో తేలుతుంది.

“మీ ఊరు నీడ అంచున పడుతోందమ్మా. మీ వైపు గొట్టం ఉన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. మీరు చూడకపోతే ఆ పక్క రాయికి అంచు దొరకదు. ఒకవేళ నక్షత్రం మాయం కాలేదనుకోండి, ఆ సంగతైనా రాసి పంపండి. అదీ లెక్కలోకే వస్తుంది” అన్నాడాయన ఫోన్లో. ఏమీ జరగకపోయినా కబురు పంపమనే మనిషిని నేను మొదటిసారి విన్నాను.

శేషారత్నం ఆ ఫోను పెట్టేశాక ప్రిన్సిపాలు గదిలో, నా పక్కనే, చాలాసేపు కూర్చుంది. ఆమె ఏళ్ళ తరబడి బోర్డు మీద సుద్దముక్కతో కటకాలు గీసింది, కిరణాలు గీసింది, అవి కలిసే చోట చుక్క పెట్టింది. నిజం చుక్కను ఒక్కటి కూడా తన లెక్క కోసం పట్టుకోలేదు. “ఒక్కటి, నేను చూసి చెప్పింది ఒక్కటి ఉంటే చాలు” అని పైకే అనుకుంది. ఆ గదిలో నేనూ కప్పులూ తప్ప వినేవాళ్ళు లేరు గనక మాకు చెప్పిందనే అనుకున్నాను. నాకు ఆమె మీద జాలి కలిగింది.

ఆ జాలికి నాకు దక్కిన బహుమతి రెండు చిల్లులు. గొట్టంలో చుక్క స్పష్టంగా నిలిచిందో లేదో తేల్చుకోవడానికి వాళ్ళకొక చిట్కా ఉందట. గొట్టం మూతికి రెండు చిల్లులున్న మూత పెడతారు. సర్దుబాటు కుదరకపోతే ఒక చుక్క రెండుగా కనిపిస్తుంది. మర తిప్పుతూ పోగా ఆ రెండూ దగ్గరకొచ్చి ఒకటైపోతే కుదిరినట్టు. శేషారత్నం నన్ను వెల్డింగు షాపుకు తీసుకెళ్ళి ఆ పక్క నిమ్మకాయంత చిల్లు, ఈ పక్క నిమ్మకాయంత చిల్లు పెట్టించింది. ఒక చిల్లు ఖాళీ చోటే పడింది. రెండోది సరిగ్గా ‘బు’ మీద పడింది. అక్షరం రేకు బిళ్ళై షాపు నేల మీద పడి ఇనుప రజనులో కలిసిపోయింది. ఇప్పుడు నా మీద ‘ఓ’, తర్వాత చిల్లు, తర్వాత ‘లమ్మ’ ఉన్నాయి. శ్రీకాకుళం వైపు వాళ్ళు ఆశ్చర్యపోతే అనే మాటలా ఉంది.

పిచ్చయ్యగారు మొదట్లో చాలా ఉత్సాహపడ్డారు. “పేపర్లో ఫొటో వస్తుందామ్మా? వస్తే నేనూ ఉంటాను, గొట్టం మీద చెయ్యేసి” అన్నారు. ఫొటోకి ఏ చొక్కా వేసుకోవాలో తేలాక “ఇంతకీ ఏం చూస్తావమ్మా?” అని అడిగారు.

“నక్షత్ర ప్రచ్ఛాదనం సార్.”

ఆయన మొహం అజీర్ణం చేసినట్టు మారింది. తేలిక మాటల్లో చెప్పడం శేషారత్నానికి అలవాటు. అదే కొంప ముంచింది.

“నక్షత్రానికి గ్రహణం పట్టడం లాంటిది సార్” అంది.

‘లాంటిది’ అన్న మాట పిచ్చయ్యగారి చెవి గడప దగ్గరే ఆగిపోయింది. ‘గ్రహణం’ లోపలికెళ్ళింది. ఆయన కుర్చీలో ముందుకు వంగి “ఏ నక్షత్రానికి?” అన్నారు.

“జ్యేష్ఠ పక్కన ఒక చిన్న చుక్క సార్.”

“జ్యేష్ఠా!” అన్నారాయన. “నాది జ్యేష్ఠా నక్షత్రం, మూడో పాదం.”

ఆమె ఎంతో చెప్పింది. జ్యేష్ఠ అంటే ఎర్రగా మెరిసే ఆ పెద్ద చుక్క సార్, దానికేం కాదు, ఇది పక్కనున్న ఊరూ పేరూ లేని చుక్క సార్, అని. “పక్కింట్లో మంటలొస్తే మనింటికి సెగ తగలదామ్మా?” అన్నారు పిచ్చయ్యగారు. ఆయన ఎం.ఎస్సీ. గోల్డు మెడలిస్టు. గది తాళం ఆరోజు నుంచి ఆయన మొలతాడుకు చేరింది.

ఊళ్ళో జ్యేష్ఠా నక్షత్రం వాళ్ళు ఇంతమంది ఉన్నారని అప్పటిదాకా వాళ్ళకే తెలియదు. లోకల్ కేబులు టీవీలో సిద్ధాంతిగారు ప్రత్యక్షమయ్యారు. సూర్యగ్రహణం, చంద్రగ్రహణం పంచాంగంలో ఉంటాయట. నక్షత్రానికి పట్టే గ్రహణం పంచాంగానికి కూడా అందదట, కనుకనే అది మరింత తీవ్రమైనదట. పంచాంగంలో లేనిదాని గురించి మీకెలా తెలిసిందండీ అని అడిగినవాళ్ళు లేరు. నివారణ ఏమిటన్నవాళ్ళే అందరూ. పట్టు స్నానం, విడుపు స్నానం, మధ్యలో జపం అన్నారు. ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు విడుస్తుంది అంటే మాత్రం “పొద్దుగూకినది మొదలు తెల్లవారేలోగా” అని చేయి గుండ్రంగా తిప్పి వదిలేశారు. కడుపుతో ఉన్నవాళ్ళను గదుల్లో కూర్చోబెట్టారు. టిఫిను హోటళ్ళు మధ్యాహ్నానికే పొయ్యిలు ఆర్పాయి.

ఆ సాయంత్రం ఓబులమ్మ గ్రహణానికి చేయవలసినవన్నీ చేసింది. పచ్చడి జాడీ మీద దర్భ, పెరుగు కుండ మీద దర్భ, నూనె డబ్బా మీద దర్భ. మురుకుల డబ్బా దగ్గరకొచ్చేసరికి కంచం కనబడింది. గ్రహణం వేళ మూత లేని డబ్బానా? ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. పక్కింటివాళ్ళ తలుపు తట్టి అడిగేద్దామని కొంగు బిగించిన సమయానికి, వరండాలో గుడ్లనీరు కుక్కుకుంటూ కూర్చున్న కోడలు కంటపడింది.

“మూత నేనే తీసుకెళ్ళాను అత్తయ్యా. కాలేజీలో ఉంది. ఇప్పుడు మూతా లేదు, గొట్టమూ లేదు, తాళం వేసేశాడు” అని శేషారత్నం మొత్తం చెప్పేసింది. రాయి, నీడ, అంచు, బెంగళూరాయన, అన్నీ. చిల్లుల సంగతి ఒక్కటే చెప్పలేదు. ఓబులమ్మకు అందులో ఎంత అర్థమైందో తెలియదు. కోడలు ఒక పని చేయాలనుకుంది, దానికి తాళం ఒకాయన మొలతాడుకు కట్టుకున్నాడు, అంతవరకు అర్థమైంది. ఒక్క మూత మీద తప్ప ఎక్కడా పేరు లేని మనిషికి అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

“లే. నా మూత కోసం పోదాం పద” అన్నది.

కాలేజీ ఆవరణలో పిచ్చయ్యగారు తడి పంచెతో, మెడలో పూసలతో, రెండు బిందెల నీళ్ళ మధ్య నిలబడి ఉన్నారు. ఇంటి కన్నా కాలేజీ బావి నీళ్ళు శ్రేష్ఠమని సిద్ధాంతి చెప్పాడట. ఆయన వెనకాల జ్యేష్ఠా నక్షత్రం జనం ఎవరి బకెట్లు వాళ్ళు పట్టుకుని వరసగా ఉన్నారు.

“ఏం సారూ, పట్టు ఎప్పుడంట?” అని అడిగింది ఓబులమ్మ.

“అదే తెలీడం లేదు పెద్దమ్మా. ఏ క్షణమైనా పట్టొచ్చు.”

“విడుపో?”

“అదీ తెలీదు.”

“మరి ఏ నీళ్ళు పట్టుకి, ఏ నీళ్ళు విడుపుకి? పట్టకముందే పోసుకుంటే ఒట్టి స్నానం. విడిచినాక తెలియకపోతే తెల్లార్లూ అట్టా తడిబట్టతో నిలబడతావా నాయనా? సూర్యుడైతే అందరికీ కనపడతాడు. ఈ చుక్క యాడుందో నీకు కనబడతా ఉందా?”

పిచ్చయ్యగారు ఆకాశం వైపు చూశారు. ఎక్కడ చూడాలో తెలియక మొత్తం చూశారు.

“చూసి పట్టు ఇదీ, విడుపు ఇదీ అని చెప్పే గొట్టం నీ గదిలోనే ఉండె. చెప్పే మనిషి ఇదిగో నా కోడలు. తాళం తియ్యి సారూ, ఇంతమంది జలుబు చేసి చస్తారు.”

సైన్సు ఎన్నాళ్ళు బతిమాలినా తెరుచుకోని తలుపు జలుబు మాటకు తెరుచుకుంది. నలుగురు మనుషులు గొట్టాన్ని మేడ మీదికి మోశారు. దాని మూతికి బిగించి ఉన్న నన్ను ఓబులమ్మ అప్పుడు చూసింది. చేత్తో తడిమింది. ‘ఓ’ దగ్గర వేలు ఆగింది, తర్వాత చిల్లులోకి జారిపోయింది. మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ జారింది. తిట్టి ఉంటే నాకు బాగుండేది. శేషారత్నం తల దించుకుని “అత్తయ్యా” అంది.

“ముందు నీ పని చూసుకో” అన్నది ఓబులమ్మ, పిట్టగోడ పక్కకు పోయి కూర్చుంది. ఆమె మనసు గాయపడిందని నాకు తెలుసు. నా గాయమూ అక్కడే ఉంది గదా.

భాద్రపదం మబ్బులు ఒకటే అటూ ఇటూ తిరుగుతున్నాయి. మబ్బు తొలగిన కాసేపట్లో శేషారత్నం గొట్టాన్ని తిప్పి ఆ చిన్న చుక్కను పట్టుకుంది. నా రెండు చిల్లుల్లోంచి అది రెండు చుక్కలుగా కనిపించింది. మర తిప్పింది. రెండూ దగ్గరకొచ్చాయి, ఇంకా దగ్గరకొచ్చాయి, ఒకటయ్యాయి. నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఫోను రికార్డు చేస్తూ ఉంది. పక్కనే రెండో ఫోను సెకండుకోసారి ‘టిక్’ మంటోంది. చుక్క మాయమైనప్పుడు ‘పోయింది’ అని, తిరిగొచ్చినప్పుడు ‘వచ్చింది’ అని ఆమె అరవాలి. ఆ అరుపులకూ టిక్కులకూ మధ్య దూరం కొలిస్తే వేళ తెలుస్తుంది. పిచ్చయ్యగారు బిందెలు కూడా పైకి మోయించుకుని, ఆమె వెనకాల చెంబు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

మబ్బు ఒకటి అంచు దాకా వచ్చింది. అక్కడే తచ్చాడింది. ఒక్కటి చాలు అనుకున్న మనిషి ఆ ఒక్కటీ ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ రాదని తెలిసి కూర్చుంది. ఆ రాయి మళ్ళీ ఆ చుక్క ముందుకొచ్చేసరికి మేం మూతలం ఉంటాం గానీ మీరెవరూ ఉండరు.

అప్పుడు చుక్క పోయింది.

మబ్బు కాదు. చుట్టూ ఉన్న చుక్కలన్నీ ఉన్నాయి. ఇది ఒక్కటే, ఎవరో మూత పెట్టినట్టు, పోయింది. శేషారత్నం నోరు తెరిచింది. మాట రాలేదు. ఏళ్ళ తరబడి క్లాసులో గొంతు చించుకున్న మనిషికి ఆ ఒక్క క్షణంలో గొంతు పూడుకుపోయింది. ఒళ్ళంతా ఉలిక్కిపడి మోకాళ్ళు కదిలాయి. నేను జారాను.

ఠణ్!

మేడ మీద పడి గిరగిరా తిరిగాను. పిచ్చయ్యగారు దాన్నే శాస్త్రోక్తమైన గంట అనుకుని “పట్టూ! గోవిందా!” అని చెంబెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నారు. కింద బకెట్ల చప్పుడు. ఆయన రెండో చెంబు ముంచేలోగా “వచ్చింది! వచ్చింది! అత్తయ్యా, వచ్చింది!” అని శేషారత్నం అరిచింది.

“ఏంటి, విడుపా? అప్పుడేనా?” అన్నారు పిచ్చయ్యగారు, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ. “జపం?”

“జపం ఇంటికాడ చేసుకో సారూ. విడిచింది, పోసుకో” అన్నది ఓబులమ్మ. ఆయన పట్టు నీళ్ళు ఒంటి మీద ఆరకముందే విడుపు నీళ్ళు పోసుకున్నారు. అంత చిన్న గ్రహణానికి అంత పెద్ద బిందెలు తెప్పించానేనని ఆయన మొహంలో చిన్నతనం కనిపించింది. పొద్దున్నకల్లా అదీ సర్దుకుంది. “నా జపబలం చేత దోషం కొద్ది సెకండ్లలోనే తొలగిపోయింది” అని కేబులు టీవీలో చెప్పారు.

రికార్డు విన్న బెంగళూరాయనకు మతి పోయింది. టిక్, టిక్, ఠణ్, గిరగిరా, గోవిందా, నీళ్ళు, టిక్, వచ్చింది. “‘పోయింది’ అన్న మాట ఏదమ్మా?” అన్నాడు. “ఆ ఠణ్ణే సార్. మాట రాలేదు, మూత పడింది” అంది శేషారత్నం, ఏడుపు గొంతుతో. ఆయన “పడితే పడింది. ఒళ్ళోంచి నేల దాకా పడటానికి పట్టిన కాలం తీసేస్తే వేళ దొరుకుతుంది” అన్నాడు.

ఇక ఇంట్లో నన్ను ఒళ్ళోంచి జార్చడం మొదలైంది. ఉలిక్కిపడి జార్చడం, కొలవడం, మళ్ళీ జార్చడం. ఠణ్, ఠణ్, ఠణ్. ఇన్నేళ్ళుగా ఒక్క చప్పుడుకు ఇల్లా సత్రమా అని లేచిన ఓబులమ్మ గడపలో కూర్చుని చూస్తూ ఉండిపోయింది. చెన్నకేశవులు బయటికెళ్ళిపోయాడు. చివరికి ఓబులమ్మే “అట్టా కాదే, ఆరోజు నీ మోకాలు ఎడమది లేచింది” అని సరిచేసింది.

పిచ్చయ్యగారు నన్ను గ్రహణ జ్ఞాపికగా తన గదిలో అద్దాల పెట్టెలో పెడతానని కబురంపారు. “నా పేరున్న వస్తువు ఆయన గదిలో ఎందుకు?” అన్నది ఓబులమ్మ. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. కొత్త మూత ఒకటి కొనిపించి, దాని మీద తన పేరూ డిగ్రీలూ కొట్టించి పెట్టెలో పెట్టుకున్నారు. దానికి చిల్లుల్లేవు, సొట్టల్లేవు, తళతళా మెరుస్తుంది. తనిఖీకొచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు. అది ఏ డబ్బానూ మూయలేదు, ఏ చుక్కనూ చూడలేదు. గౌరవం దక్కాలంటే మీ దగ్గర అదే అర్హత.

చాన్నాళ్ళకు బెంగళూరు నుంచి ఫలితం వచ్చింది. రాయి గుండ్రంగా లేదు, కోలగా ఉందట. మా ఊరి ఠణ్ వల్లే ఆ పక్క అంచు తేలిందట. కింద చూసినవాళ్ళ పేర్ల వరస. అందులో శేషారత్నం తన పేరు వెతుక్కుని చదివింది. ఆ పక్కనే ఇంకో పేరుంది. ఆమె ఒకసారి నవ్వి, మరుక్షణం నవ్వు ఆపుకుని, అత్త దగ్గరకొచ్చి కూర్చుంది.

“అత్తయ్యా, నువ్వూ ఉన్నావు. వాడిన సామాను ఫొటోలడిగితే మూత ఫొటో కూడా పంపాను. దాని మీది పేరు చదివి, అదీ చూసిన మనిషి పేరే అనుకున్నట్టున్నాడాయన. వేసేశాడు.”

“ఏమని ఏసినాడు?”

“ఓ. లమ్మ. ‘ఓ’ ఇంటిపేరనుకున్నాడు.”

ఓబులమ్మ నన్ను దగ్గరకు లాక్కుంది. తెలిసిన అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ వచ్చింది. “మరి నా ‘బు’ ఏదే?” అన్నది.

శేషారత్నం తల దించుకుంది. “నేనే పోగొట్టాను అత్తయ్యా. నిన్నడక్కుండా చిల్లు పెట్టించాను. తప్పు నాదే. సరిచేయమని ఇప్పుడే రాస్తాను.”

ఓబులమ్మ చిల్లు చుట్టూ వేలు తిప్పింది. తర్వాత నన్ను ఎత్తి, ఆనాడు గంపామె బట్టలను పట్టినట్టు, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసింది. కిటికీలోంచి వచ్చిన ఎండ ‘బు’ ఉండవలసిన చోట నుంచి దూరి ఆమె చెంప మీద గుండ్రంగా పడింది.

“ఈ చిల్లులోంచేనా చుక్క నీకు కుదిరింది?”

“అవును అత్తయ్యా.”

“అయితే అట్టనే ఉండనీ. రాయబాకు. నా అక్షరం ఒకటి చుక్క కాడికి పోయిందనుకుంటా.”

ఆ సాయంత్రం ఆమె పక్కింటికి మురుకులు పట్టుకెళ్ళింది. మూత తన ఇంట్లోనే ఉందని మాత్రం చెప్పలేదు, అంతటి త్యాగం మనుషుల వల్ల కాదు. చిల్లులున్న నేను మురుకులకు పనికిరాను, మెత్తబడిపోతాయి. ఇప్పుడు వెల్లుల్లిపాయల డబ్బా మీద ఉన్నాను. వాటికి గాలి తగలాలి. శేషారత్నం వంట చేస్తూ అప్పుడప్పుడు నన్ను కావాలనే కింద పడేస్తుంది. ఠణ్ణుమంటాను. లోపలి నుంచి ఓబులమ్మ తిట్టదు. “పోయిందా?” అని అడుగుతుంది. “వచ్చింది అత్తయ్యా” అని ఈమె జవాబు చెబుతుంది.